వంకర వేలికి గుండ్రని మెడ

పోయిన వారం మీరు నన్ను తుమ్మపాల రోడ్డులో సన్యాసిరావు తాత పాకలో వదిలేసి వెళ్ళిపోయారు. అప్పుడు నా చేతిలో గిటారు మెడ ఉంది. మరిచిపోయిన వాళ్ళ కోసం, మధ్యలో వచ్చిన వాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను. తెలిసిన వాళ్ళు విసుక్కోకండి.

నా పేరు స్వర్ణకుమారి. గవరపాలెంలో ఇంటి ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్ల నుంచి కోట్ల దాకా కుడతాను. పదకొండో ఏట ఆటో తిరగబడి నా ఎడమ చూపుడు వేలు విరిగింది. కట్టు కట్టినాయన ఎలా కట్టాడో గాని, వంగిన వేలు వంగినట్టే అతుక్కుపోయింది. మిగతా తొమ్మిది వేళ్ళూ చెప్పిన మాట వింటాయి, ఇది మాత్రం వినదు. మా చర్చి పాటల బృందం, అంటే కోయర్‌లో గిటారు వాయించే ఆయనకి బదిలీ అయింది. ఆ చోటికి నేనొస్తానని లేచి నిలబడ్డాను. అప్పటిదాకా మా చర్చిలో ఆడవాళ్ళు పాడటమే గాని తీగ ముట్టింది లేదు.

కోయర్ మాస్టారు దేవప్రసాద్ గారు మూడు వారాల కిందట చర్చి గిటారు నా చేతికిచ్చి ఎఫ్ కార్డు పట్టమన్నారు, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి మోగించడం. దానికి చూపుడు వేలు ఆరు తీగల మీదా అడ్డంగా పడుకోవాలి. నా వేలు పడుకోలేదు. మధ్య తీగలు టక్ టక్‌మని చెక్క మీద కొట్టినట్టు చప్పుడు చేశాయి. "వంకర వేలితో గిటారేటమ్మా? టాంబరిన్ పట్టుకో" అన్నారాయన. నలభై మంది ముందు! నవ్విన వాళ్ళలో అందరికంటే గట్టిగా నవ్వింది ఆయన మేనల్లుడు జాన్ బాబు. ఆ చోటు మీద కన్నేసింది అతనే కదా. నాకు ఇంకో అవకాశం ఇవ్వమని పట్టుబడితే, పీడ వదులుతుందని మూడు వారాలు గడువిచ్చారు. ఆ గడువు ఈ శనివారం మధ్యాహ్నం మూడు గంటలకి తీరిపోతుంది. చర్చి వజ్రోత్సవంలో గిటారు తగిలించుకుని నిలబడేది నేనో, జాన్ బాబో ఇవాళే తేలిపోవాలి.

ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని చదివితే సంగతి తెలిసింది. గిటారు మెడ మీద వేళ్ళు ఆనే పలక అన్ని గిటార్లకీ ఒకేలా ఉండదు. కొన్నిటికి చదునుగా ఉంటుంది, కొన్నిటికి అడ్డంగా చూస్తే కాస్త గుండ్రంగా ఉంటుంది. ఆ గుండ్రాన్ని రేడియస్ అంటారు. అంకె పెద్దదైతే పలక చదును, చిన్నదైతే గుండ్రం. మా చర్చి గిటారు పలక ఇంచుమించు పీట. పీట మీద వంకర వేలు పెడితే రెండు కొసలూ ఆనుతాయి, నడుమ గాలిలో తేలిపోతుంది. తప్పు నా వేలిది కాదన్న మాట! ఆ రోజు ఇంటికి నడుచుకుంటూ కాదు, ఎగురుకుంటూ వచ్చాను.

ఆర్కెస్ట్రా త్రినాధరావు దగ్గర పాత ఎలక్ట్రిక్ గిటారు కొని, దాని మెడ ఊడదీసి, బండి చక్రాలు చేసే సన్యాసిరావు తాతకిచ్చాను. తొమ్మిదిన్నర అంగుళాల గుండ్రంతో కొత్త పలక వెయ్యమన్నాను. ఈ శనివారం పొద్దున్న వెళితే తాత గోనెపట్టా విప్పి మెడ చేతిలో పెట్టాడు. నల్లతుమ్మ పలక, నూనె పట్టించి నిగనిగలాడుతోంది. కాని అది గుండ్రం కాదు బాబూ, అప్పడాల కర్ర!

"తాతా! ఏం చేశావిది?" అన్నాను. అక్కడ మీరు లేచిపోయారు. ఇక వినండి.

"ఏటి సేసేను? నువ్వు సెప్పిందే సేసేను" అన్నాడు తాత. డెబ్బై దాటిన మనిషి, కళ్ళజోడు ఒక కాలికి దారం కట్టుకున్నాడు. "తొమ్మిదిన్నర అన్నావు. తొమ్మిదిన్నరే గీసేను. కావాలంటే కొలుసుకో."

పాక నేల మీద గీత ఇంకా ఉంది. నడుమ మేకు, మేకుకి పురికొస, పురికొస చివర పెన్సిలు. చెరుకు బళ్ళ చక్రాలన్నీ యాభై ఏళ్ళు అలాగే గీశాడు. ట్రాక్టర్లు వచ్చి ఆ పని పోయాక తలుపులూ మంచాలూ చేస్తున్నాడు గాని, చెయ్యి మాత్రం చక్రం చెయ్యే. నేను బ్యాగులోంచి టేపు తీసి ఆ వలయం కొలిచాను. ఈ అంచు నుంచి ఆ అంచుకి సరిగ్గా తొమ్మిదిన్నర అంగుళాలు.

టేపు అక్కడే వదిలేసి తాత వైపు తిరిగాను.

"తాతా, మేకు నుంచి అంచుకి తొమ్మిదిన్నర. అంచు నుంచి అంచుకి కాదు!"

"మేకు కాణ్ణించా?" తాత నన్ను ఎగాదిగా చూశాడు. "సక్రం మేకు కాణ్ణించి ఎవడు కొలుత్తాడే? అయిదడుగుల సక్రం అంటే ఇటు నుంచి అటు అయిదడుగులు. మా తాత కాణ్ణించి అంతే. నువ్వు కొత్త లెక్క తెచ్చేవేటి?"

తప్పు నాదే. చక్రాల మనిషి దగ్గరికెళ్ళి తొమ్మిదిన్నర గుండ్రం అంటే ఆయన చక్రమే చేస్తాడు. జాకెట్టు కొలత ఇచ్చేటప్పుడు చుట్టుకొలతా, సగం కొలతా అని వచ్చిన ప్రతి ఆడమనిషినీ రెండుసార్లు అడుగుతానే, నా పనికొచ్చేసరికి ఒక్కసారి అడగలేకపోయాను. బల్ల మీద కూలబడి ఏడ్చేశాను. దాచుకోవడం దేనికి, బాగానే ఏడ్చాను.

తాతకి కోపం దిగి దిగులు పట్టుకుంది. "ఏడవకే గుంటా. ఇలాగియ్యి. కమ్మీలు పీకి మళ్ళీ సిత్రిక పడతాను. సాయంత్రానికి..."

"మూడు గంటలకే తాతా."

"మూడుకా?" అని మెడ వంక చూస్తూ గొణుక్కున్నాడు. పలకకి అడ్డంగా బిగించిన ఇరవై ఒక్క లోహపు కమ్మీ పీకాలి, పలక చదును చెయ్యాలి, మళ్ళీ వంచి కొట్టాలి. రెండు రోజుల పని. ఇద్దరికీ తెలుసు.

ఏడుపు అయ్యాక ముక్కు తుడుచుకుని, ఊరికే, ఎందుకో తెలియదు, ఆ పలక మీద నా చూపుడు వేలు అడ్డంగా వేశాను.

వేలు పడుకుంది.

తీసి మళ్ళీ వేశాను. కొస నుంచి మొదలు దాకా ఎక్కడా సందు లేదు. పదిహేనేళ్ళుగా దేనికీ సరిపడని వేలు, ఆ కర్రకి ఇట్టే అతుక్కుంది. నేను అడిగిన తొమ్మిదిన్నర చేసుంటే ఇంత బాగా ఆనేది కాదేమో కూడా. "తాతా, మెడ బిగించు. బిగించు ముందు!" అని అరిచాను.

మెడ బిగించి తీగలు ఎక్కించాం. కింద తీగలు ఆనే బ్రిడ్జి దగ్గర ఒక్కో తీగకీ చిన్న స్క్రూలుంటాయి, వాటిని తిప్పి మధ్య తీగలు పైకి లేపి, పక్క తీగలు దించి, పలక గుండ్రానికి సరిపెట్టాను. ఎఫ్ కార్డు పట్టి మీటాను. ఆరుకి ఆరు తీగలూ మోగాయి. జీవితంలో నేను పట్టిన మొదటి ఎఫ్ కార్డు అది. తాత పాకలో, రంపం పొట్టు మధ్య, స్పీకరైనా లేకుండా, ఆ సన్నటి చప్పుడుకే నాకు ఒళ్ళు ఝల్లుమంది. తాత పళ్ళు లేని నోటితో నవ్వాడు.

ఆ నవ్వు అయిదు నిమిషాలు కూడా నిలవలేదు. మాస్టారు వజ్రోత్సవానికి స్వయంగా కట్టిన పాటలో, రెండో చరణం ముందు గిటారు ఒక్కటే ఏడవాలి. సన్న తీగని నొక్కి పట్టి పక్కకి లాగితే స్వరం పైకి సాగుతుంది, అలా. నేను పదో కమ్మీ దగ్గర నొక్కి లాగాను. స్వరం సగం దాకా లేచి, ఎవరో పీక నొక్కినట్టు ఆగిపోయింది. ఇంకోసారి లాగాను. మళ్ళీ ఆగిపోయింది.

తాత వంగి, ఒక కన్ను మూసి, పలక వెంట చూశాడు. "ఇది గుట్ట కదే. పక్కనున్న తీగని నడుమకి ఈడిత్తే గుట్ట ఎక్కాల. ఎక్కినపుడు ముందున్న కమ్మీ తగిలేత్తంది. మూడ్రోజులియ్యి, మొదలు ఇలాగే ఉంచి పై సగం సదును సేసేత్తాను. అపుడు రెండూ కుదురుతాయి."

మూడు రోజులు! నా దగ్గరున్నది నాలుగు గంటలు. చర్చి గిటారు మీద లాగగలను గాని కార్డు పట్టలేను. దీని మీద కార్డు పట్టగలను గాని లాగలేను. తాత బల్ల మీదే కూర్చుని ఆ నాలుగు గంటల్లో మూడు గంటలు ఒకే ఒక్క స్వరం వెంట పడ్డాను. ఏం చేశానో మీకు ఇప్పుడే చెప్పను, చర్చిలో వినండి.

చర్చిలోకి వెళ్ళేసరికి కోయర్ అంతా వచ్చి కూర్చుంది. దేవప్రసాద్ మాస్టారు నేను కుట్టిన బూడిదరంగు కోటే వేసుకుని వేదిక పక్కన నిలబడ్డారు. అరవై దగ్గర వయసు, హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచరు. ఆ మెత్తటి గొంతుతోనే మనిషిని కూర్చోబెట్టేస్తారు.

"అదేటి స్వర్ణా, ఆ మెడ? రొట్టెల కర్రకి తీగలు కట్టేవా?" అన్నాడు జాన్ బాబు. వెనక వరస కిసుక్కుమంది.

"వాయించేక సెప్పు జాన్ బాబూ, రొట్టెలు పడ్డాయో లేదో" అన్నాను.

మాస్టారు చర్చి గిటారు నా వైపు చాపారు. "దీని మీద వాయించమ్మా. పోయినసారి దీని మీదే కదా పరీక్ష పెట్టేం. ఇద్దరికీ ఒకటే గిటారు ఉంటేనే న్యాయం."

"దీని మీద వాయించను మాస్టారూ."

వెనక వరస వాళ్ళు మెడలు చాచి చూశారు. మాస్టారికి ఎదురు చెప్పిన వాళ్ళని నేనూ ఎప్పుడూ చూడలేదు. 

"ఎందుకు వాయించవు?"

"అది నా చేతికి కొలిచింది కాదు గనక."

"చెయ్యి గిటారుకి అలవాటు పడాలమ్మా. మా అందరి చేతులూ అలాగే అలవాటు పడ్డాయి. గిటారు చేతికి అలవాటు పడదు."

అదిగో, అక్కడ నాకు తిక్క రేగింది. దేవుడి మందిరం, పెద్దమనిషి, అవన్నీ గుర్తున్నాయి. అయినా నోరు ఆగలేదు.

"మాస్టారూ, మీరు వేసుకున్న కోటు నేనే కుట్టేను. మీ ఎడమ భుజం కుడి భుజం కంటే ముప్పావు అంగుళం కిందకి ఉంటాది. ఆ సంగతి మీకు గానీ, ఇక్కడున్న వాళ్ళకి గానీ ఇవాళ్టి దాకా తెలుసా? తెలీదు. లోపల దూది ముక్క ఏసి నేను సరిచేసేను గనక. భుజం తిన్నగా సేసుకుని రండి, అపుడు కోటు కుడతాను అన్నానా మాస్టారూ మిమ్మల్ని?"

ఎవరో ముందు వరసలో పుసుక్కున నవ్వి, దగ్గులోకి మార్చుకున్నారు. మాస్టారి చెయ్యి తెలియకుండానే ఎడమ భుజం మీదికి పోయింది. ముఖం ఎర్రబడింది. చెయ్యి దించుకుని, "సరే. వాయించు. కాని పాట మొత్తం. రెండో చరణం ముందు ముక్క కూడా" అన్నారు.

స్పీకరుకి వైరు తగిలించాను. మొదటి ఎఫ్ పట్టగానే కోయర్‌లో తలలన్నీ లేచాయి. మూడు వారాల కిందట చచ్చిన తీగలు ఇవాళ ఒక్కొక్కటీ గంటలా మోగుతుంటే నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. పల్లవి అయింది. చరణం అయింది. ఆ ముక్క వచ్చింది.

జాన్ బాబు ముందుకి వంగాడు. అతను గిటారు తెలిసినవాడే, అది ఒప్పుకోవాలి. అంత గుండ్రటి మెడ మీద తీగ లాగితే స్వరం చస్తుందని అతనికి తెలుసు. అక్కడే నేను పడతానని కాచుకు కూర్చున్నాడు.

నేను లాగలేదు. తీగ మీద వేలు నొక్కిపెట్టి, మెడ వెంట పైకి జారాను. ఒక కమ్మీ నుంచి రెండు కమ్మీల అవతలికి, తొందర లేకుండా, స్వరం తెగకుండా. లాగినప్పుడు వచ్చే ఏడుపు వేరు, ఇది వేరు. గుక్క పెట్టిన బిడ్డ సర్దుకుని మాట మొదలుపెట్టినట్టుంది. మూడు గంటలు తాత పాకలో నా వేళ్ళ చివరలు మంటలెత్తింది దీనికోసమే. కింది శ్రుతిలో ఆల్టో పాడే ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

పాట ఆగగానే జాన్ బాబు లేచాడు. "అది కాదు మావయ్యా! అక్కడ లాగాలి. తను జారింది. ఆ మెడ మీద లాగడం అవదు, అందుకే జారింది!"

"అవును, అవదు" అన్నాను. "పాటకి కావలసింది ఆ స్వరమా, నీ లాగుడా?"

అతను నా చేతిలోంచి గిటారు తీసుకుని ఆ ముక్క తన పద్ధతిలో లాగాడు. స్వరం చచ్చింది. ఇంకా గట్టిగా లాగాడు. ఇంకా త్వరగా చచ్చింది. అందరూ చూస్తున్నారు. పాపం, చెవులు కందిపోయాయి. చివరికి చేతులెత్తేసి, "నీ మెడ మీద నేను వాయించలేను స్వర్ణా" అన్నాడు. ఆ మాట అనడానికి అతనికి ఎంత కష్టమైందో నాకు తెలుసు. మూడు వారాల కిందట చర్చి గిటారు మీద నా గతీ అదే కదా.

గెలిచానన్నమాట. ఇక ఆ చోటు నాదే. మాస్టారు చెప్పడమే తరువాయి.

ఆయన చెప్పలేదు. జాన్ బాబు దగ్గర్నించి గిటారు తీసుకున్నారు. ఆయన గిటారు ముట్టి ఎన్నేళ్ళయిందో కోయర్‌లో ఎవరికీ గుర్తు లేదు. కుర్రాళ్ళకి నేర్పుతారు, తప్పులు దిద్దుతారు, తను వాయించరు. కుర్చీలో కూర్చుని, ఒళ్ళో పెట్టుకుని, ఎడమ చూపుడు వేలు నెమ్మదిగా పలక మీద అడ్డంగా వేశారు. అప్పుడు చూశాను నేను ఆ వేలిని. అది తిన్నగా సాగలేదు. దాని పక్కది కూడా. షుగరు మనిషి, వేళ్ళు బిగుసుకుపోయి లోపలికి ముడుచుకున్నాయి. ఆయన కొలతలు ఎన్నిసార్లో తీసుకున్నాను. భుజం చూశాను, నడుం చూశాను, చేతి పొడుగు చూశాను. వేళ్ళు చూడలేదు.

కుడిచేత్తో మీటారు. ఆరు తీగలూ మోగాయి.

మాస్టారు కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ మీటారు. ఆయన కట్టిన పాట పల్లవి మొదలుపెట్టారు. నేను వాయించినదానికంటే ఎంతో బాగుంది, ఆ సంగతి దాచి నేనేం బావుకుంటాను? బుగ్గల మీంచి నీళ్ళు కారి కోటు మీద పడుతున్నాయి, తుడుచుకోలేదు. నా కోపం ఒక్క క్షణం ఎటో పోయింది. మరుక్షణం రెట్టింపై తిరిగొచ్చింది. తన వేళ్ళు ఇలా ఉంటే, ఆ బాధ తనకి తెలిసుండి, నలభై మంది ముందు నన్ను వంకర వేలు అన్నాడా ఈ మనిషి!

పాట ఆపి ఆయన కళ్ళు తెరిచారు. గిటారు మాత్రం వదల్లేదు. "స్వర్ణా, ఇది ఇక్కడ ఉంచమ్మా" అన్నారు మెత్తగా. "వజ్రోత్సవానికి నేను వాయిస్తాను. ఎనిమిదేళ్ళయింది నేను వాయించి. నిన్ను ముందు వరసలో నిలబెడతాను. సోలో ఇస్తాను."

"నాకు సోలో వద్దు మాస్టారూ. ముందు వరస వద్దు. ఆ చోటు కావాలి. మీరే పరీక్ష పెట్టేరు, నేను నెగ్గేను."

"పెద్దవాణ్ణి అడుగుతున్నాను."

"మీ చేతికి కొలిచి ఇంకోటి చేయించుకోండి. ఎవరు చేస్తారో నేను చూపిస్తాను, కొలత నేనే తీస్తాను. ఇది మాత్రం ఇవ్వను."

వెళ్ళి మెడ పట్టుకున్నాను. ఆయన రెండు చేతులా గిటారు గుండెకి హత్తుకున్నారు. నేను లాగలేదు, ఆయన వదల్లేదు.  జాన్ బాబు "మావయ్యా, ఇచ్చెయ్యండి" అని గొణిగాడు. ఆయనకి వినపడలేదు, లేదా వినదలచుకోలేదు.

అప్పుడే పక్క తలుపు తీసుకుని పాస్టరు గారు వచ్చారు. సంగీతం విని వచ్చినట్టున్నారు, ముఖం వెలిగిపోతోంది. "ఎంత బాగుందమ్మా! ఎవరిది ఈ గిటారు?" అన్నారు.

 మాస్టారి ముఖంలోకే చూస్తూ నిలబడ్డాను. ముప్ఫై ఏళ్ళుగా ఈ సంఘానికి పాటలు నేర్పిన మనిషి, నాకు అయిదో ఏట ఆదివారం బడిలో దొంగతనం చెయ్యకూడదు, అబద్ధమాడకూడదు అంటూ పది ఆజ్ఞలూ కంఠతా పట్టించిన మనిషి ఏమంటాడో వినాలనిపించింది.

"నాదండీ" అన్నారు దేవప్రసాద్ మాస్టారు.